గొంతునొప్పి, గుండెనొప్పి, ఒక సంతకం

మొన్నామధ్య హైదరాబాదులో ఒక అనువాద గోష్ఠికి వెళ్ళాను. టీ విరామంలో ఒక కవిగారు పలకరించారు. "మీరు ఏం అనువదిస్తుంటారు?" స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నెరూదా వచ్చాడు, లోర్కా వచ్చాడు, మార్కేజ్ వచ్చేలోపు నేనే అడ్డం పడ్డాను. "కాదండీ, గుండె జబ్బుల కాగితాలు. ఎకో రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు, క్లినికల్ ట్రయల్ ఫైళ్ళు." వెలుగు ఆరిపోయింది. "ఓహో, టెక్నికలా! అదిప్పుడు మెషినే చేసేస్తోందటగా. అయినా అన్నీ లాటిన్ మాటలేగా, అక్కడా ఇక్కడా ఒకటే" అని, సమోసా అందుకుని పక్కవాళ్ళవైపు తిరిగారు.

అదే వారం నేను పనిచేసే ఏజెన్సీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఇకనుంచి కార్డియాలజీ ఫైళ్ళన్నీ ముందు మెషిన్ అనువదిస్తుంది, మీరు పైపైన చూసి "పూర్తిగా పరిశీలించాను" అన్న సర్టిఫికెట్ మీద సంతకం పెడితే చాలు, రేటు ఇదివరకటి దాంట్లో మూడోవంతు. కారణం కూడా రాశారు: వైద్య పరిభాష రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే కాబట్టి ఇందులో అనువాదకుల పని తక్కువ.

కవిత్వం మీద ప్రేమతో ఒకరు, ఖర్చు మీద ప్రేమతో ఇంకొకరు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. అయినా ఒకే మాట అన్నారు. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఆ కోపంలో సగం నామీదే. అదెందుకో తర్వాత చెప్తాను.

ముందు ఆ "లాటిన్ మాటలేగా" సంగతి చూద్దాం. నిజమే, రెండు భాషల వైద్యమూ ఒకే పాతరలోంచి ధాన్యం తెచ్చుకుంది. కానీ ఒకే పాతరలో ధాన్యం తెచ్చుకున్న రెండిళ్ళలో ఒకే వంట ఉండదు. స్పానిష్‌లో "ఇన్సుఫిసియెన్సియా" అనే మాట ఉంది. "ఇన్సుఫిసియెన్సియా కార్దియాకా" అంటే ఇంగ్లీషులో హార్ట్ ఫెయిల్యూర్. గుండె శరీరానికి చాలినంత రక్తం తోయలేకపోవడం. "ఇన్సుఫిసియెన్సియా మిత్రాల్" అంటే మాత్రం మైట్రల్ రిగర్జిటేషన్. కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారడం. స్పానిష్ డాక్టరుకి రెండూ "చాలకపోవడమే". ఇంగ్లీషు డాక్టరుకి ఒకటి ఓడిపోవడం, ఇంకొకటి వెనక్కి పొర్లడం. ఒక మాటకి ఒక మాట పెట్టుకుంటూ పోతే "కార్డియాక్ ఇన్‌సఫిషియెన్సీ" అని వస్తుంది. అది తప్పని ఎవరూ అనరు. కానీ దాన్ని చదివే అమెరికన్ కార్డియాలజిస్టుకి ఇది ఏ జబ్బు, ఏ గైడ్‌లైను కిందకొస్తుంది అన్న క్షణకాలపు అయోమయం మిగులుతుంది. రోగి దగ్గర ఉన్నవి క్షణాలే అయినప్పుడు ఆ అయోమయం ఖరీదైనది.

ఇంకొకటి. "ఔరీకులా". ఇంగ్లీషులో "ఆరికిల్" అని అచ్చం దాని కవలలా కనబడే మాటుంది. కానీ స్పానిష్ ఔరీకులా అంటే గుండెలోని పై గది, ఇంగ్లీషు ఏట్రియం. ఇంగ్లీషు ఆరికిల్ పూర్వం ఆ గదికే పేరుగా ఉండేది, ఇప్పుడు ఆ గదికి అంటుకుని వేలాడే చిన్న సంచికో, బయటి చెవికో కుదించుకుపోయింది. ఆ సంచిని స్పానిష్ వాళ్ళు "ఒరెహ్వేలా" అంటారు. చిన్న చెవి అని అర్థం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళలో రక్తపు గడ్డలు ఎక్కువగా కట్టేది ఆ చిన్న చెవిలోనే. రక్తం పల్చబడే మందులు పడనివాళ్ళకి దాన్ని లోపలినుంచి మూసేసే చికిత్స కూడా ఉంది. గడ్డ గదిలో ఉందా, చెవిలో ఉందా అన్నది పట్టించుకోవాల్సిన విషయం. కవలల్ని చూసి మోసపోయే అనువాదకుడు అక్కడ గదికీ చెవికీ తేడా చెరిపేస్తాడు.

"దిస్క్రేతా" అన్న మాట నాకు మరీ ఇష్టం. స్పానిష్ రిపోర్టులో "దిస్క్రేతా ఎస్తెనోసిస్ ఆఓర్తికా" అంటే అయోర్టిక్ కవాటం కొద్దిగా సన్నబడింది, భయపడేంత కాదు అని. ఇక్కడ దిస్క్రేతా అంటే స్వల్పం. ఇంగ్లీషులో "డిస్క్రీట్" అని రాస్తే అర్థం మారిపోతుంది. విడిగా, ఒక్కచోటే ఉన్నది అని. పైగా ఇంగ్లీషు కార్డియాలజీలో "డిస్క్రీట్ సబ్‌ఏయోర్టిక్ స్టెనోసిస్" అని వేరే జబ్బే ఉంది. కవాటం కింద పొరలా అడ్డం ఏర్పడటం, తరచుగా పిల్లల్లో చూస్తారు, కొందరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. అంటే ఒక పెద్దాయనకి వయసుతో వచ్చిన చిన్నపాటి ఇరుకు, ఒక్క విశేషణం దయవల్ల ఇంకో జబ్బు పేరుకి పక్కింట్లో వచ్చి కూర్చుంటుంది.

ఇలాగే "దోబ్లే లెసియోన్ మిత్రాల్". మాటకి మాట పెడితే "డబుల్ మైట్రల్ లీజన్" అవుతుంది. కవాటం మీద రెండు గాయాలున్నాయేమో అనిపిస్తుంది. అసలు సంగతి, ఒకే కవాటం సన్నబడింది కూడా, కారుతోంది కూడా. తలుపు పూర్తిగా తెరుచుకోదు, పూర్తిగా మూసుకోదు. మన పాతిళ్ళలో వానాకాలం ఉబ్బిన తలుపులాగా.

ఇప్పుడు నా తప్పు సంగతి.

రెండేళ్ళ క్రితం ఒక ఫైలు వచ్చింది. నలభై దాటిన ఒక స్త్రీ. లాటిన్ అమెరికాలో పుట్టి, స్పెయిన్‌లో ఇళ్ళలో పనిచేస్తున్న మనిషి. అమెరికాలో ఉన్న బంధువులు సెకండ్ ఒపీనియన్ కోసం కాగితాలు ఇంగ్లీషులోకి మార్పిస్తున్నారు. మెషిన్ డ్రాఫ్టు సిద్ధంగా ఉంది, నేను చూసి పంపాలి. అది ఆ రోజుకి పదకొండో ఫైలు. పూర్వ చరిత్ర అన్న చోట స్పానిష్‌లో "ఆన్‌హినాస్ దె రెపెతిసియోన్ ఎన్ లా ఇన్‌ఫాన్సియా" అని ఉంది. మెషిన్ ఇంగ్లీషులో "చిన్నతనంలో పదేపదే ఆంజైనా" అని రాసింది. నేను చదివాను. వ్యాకరణం బావుంది. దాటిపోయాను.

ఆంజైనా అంటే మనకి తెలుసు. గుండెకి రక్తం చాలక ఛాతీలో వచ్చే నొప్పి. ఏడెనిమిదేళ్ళ పిల్లకి పదేపదే ఆంజైనా ఏమిటని నేను ఆగాలి. ఆగలేదు. స్పానిష్‌లో ఏకవచనంలో, "ఛాతీ" అన్న మాటతో కలిపి అంటే అది గుండెనొప్పే. బహువచనంలో ఊరికే "ఆన్‌హినాస్" అంటే మాత్రం గొంతునొప్పి, టాన్సిల్స్ వాపు. స్పెయిన్‌లో ఏ అమ్మయినా "పిల్లాడికి ఆన్‌హినాస్, బడికి పంపలేదు" అంటుంది. చమత్కారం ఏమిటంటే లాటిన్‌లో ఈ మాట ముందు గొంతుదే. గొంతు పట్టేసి ఊపిరాడకుండా చేసే జబ్బుకి పేరు. విలియం హెబర్డెన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1768లో ఛాతీలో బిగబట్టినట్టుండే నొప్పికి దాన్ని అరువిచ్చాడు. ఇంగ్లీషు ఆ అరువుని దాదాపు సొంతం చేసుకుని గొంతుని మూలకి నెట్టేసింది. స్పానిష్ రెండింటినీ ఉంచుకుంది.

సరే, ఒక మాట అటూ ఇటూ అయింది, ఏమైందీ అంటారా? ఆమె కాగితంలో ఉన్న అసలు జబ్బు ఆ దోబ్లే లెసియోన్ మిత్రాల్. ఆ వయసులో కవాటం అలా సన్నబడి కారుతోందంటే డాక్టరు మొదట అడిగేది, చిన్నప్పుడు రుమాటిక్ ఫీవర్ వచ్చిందా అని. రుమాటిక్ ఫీవర్ దేనివల్ల వస్తుంది? సరిగా వైద్యం అందని స్ట్రెప్టోకాకస్ గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత. అంటే ఆ "పదేపదే గొంతునొప్పి" అన్న లైనే మొత్తం కథకి మొదటి వాక్యం. నేను సంతకం పెట్టి పంపిన ఇంగ్లీషులో ఆ మొదటి వాక్యం లేదు. దాని బదులు వైద్యంలో దాదాపు అసాధ్యమైన ఇంకో వాక్యం ఉంది.

నేను సిగ్గుపడాల్సిన అసలు కారణం ఇంకొకటుంది. మా పిన్నిది ఇదే జబ్బు. ఖమ్మం దగ్గర పల్లెలో పెరిగింది. చిన్నప్పుడు గొంతు వాచి జ్వరం వచ్చేదట, తర్వాత మోకాళ్ళు, మోచేతులు. "కీళ్ళవాతం గుండెకెక్కింది" అని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. మూడు వారాలకోసారి పెనిడ్యూర్ ఇంజెక్షన్ కోసం ఆమె చెయ్యి పట్టుకుని ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళింది నేనే. తర్వాత బెలూన్ వేశారు. ఇప్పటికీ ఎసిట్రోమ్ మాత్ర, నెలనెలా రక్తపరీక్ష. గొంతుకీ గుండెకీ ఉన్న ఆ దారి నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. అయినా స్క్రీన్ మీద ఆ వాక్యం చక్కటి ఇంగ్లీషులో కనబడేసరికి నా కళ్ళు దాని మీదనుంచి జారిపోయాయి.

తప్పు పట్టుకున్నది అవతలి డాక్టరు. మార్జిన్‌లో ఒక ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు. మాటలేమీ లేవు, ఉత్త ప్రశ్నార్థకం. ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ "డాక్టర్లు చూసుకుంటారుగా" అని ఎవరైనా అంటే నాకు ఆ ప్రశ్నార్థకమే గుర్తొస్తుంది. ఆ డాక్టరుకి ఆ రోజు పదకొండో కాగితం అదే అయ్యుంటే?

మాటలు సరే, పొట్టి అక్షరాల సంగతి ఇంకా ఘోరం. కోవిడ్ పుణ్యమా అని "పీసీఆర్" అంటే మన వీధి చివర కిరాణా కొట్టాయనకి కూడా తెలుసు. స్పానిష్ హాస్పిటల్ కాగితంలో అవే మూడక్షరాలు మూడు పనులు చేస్తాయి. ఒకటి మనకి తెలిసిన పరీక్ష. రెండు, సి-రియాక్టివ్ ప్రోటీన్, అంటే ఒంట్లో వాపు ఉందని చెప్పే రక్తపరీక్ష. మూడు, గుండే ఊపిరీ ఒక్కసారిగా ఆగిపోవడం. "పీసీఆర్ ఎక్కువగా ఉంది" అంటే రక్తపరీక్ష. "పీసీఆర్ నుంచి కోలుకున్నారు" అంటే మనిషి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. ఒకే పేజీలో రెండూ ఉండొచ్చు. "ఐఎం" అన్న రెండక్షరాలూ అంతే. స్పానిష్‌లో కారే మైట్రల్ కవాటమూ కావచ్చు, గుండెపోటూ కావచ్చు. అదే ఇంగ్లీషు నర్సు కంటికి కండకిచ్చే ఇంజెక్షన్.

అంకెలైనా నమ్మకమైనవా? అవీ కావు. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో దశాంశానికి కామా పెడతారు, వేలకి చుక్క. మెక్సికోలో మనలాగే దశాంశానికి చుక్క. స్పెయిన్ నుంచి వచ్చిన కాగితంలో ట్రోపోనిన్ "1.200" అని ఉంటే వెయ్యిన్ని రెండొందలు. గుండె కండరం బాగా దెబ్బతిందని అర్థం. ఆ చుక్కని అలాగే ఉంచి ఇంగ్లీషులో పెడితే ఒకటి పాయింట్ రెండు. నానోగ్రాముల్లో కొలిచే కొత్త రకం పరీక్షలో అది మామూలు మనిషిది. ఒక చుక్క. దాన్ని సరిగ్గా చదవాలంటే ఈ కాగితం ఏ దేశంలో పుట్టింది, ఏ లాబ్ ఏ యూనిట్లు వాడింది అని వెనక్కి వెళ్ళి చూడాలి. కథని అనువదించేటప్పుడు పాత్ర ఏ ప్రాంతంవాడో కనుక్కోవడం లాంటిదే ఇదీ.

రోగి సొంత నోటిమాటలు ఇంకో లోకం. స్పెయిన్‌లో గుండెలో స్టెంట్ వేయించుకున్న పెద్దాయన "నాకు రెండు ముఎయ్యెస్ పెట్టారు" అంటాడు. ముఎయ్యె అంటే స్ప్రింగు. రేవులో ఓడ ఆగే గట్టుని కూడా అదే మాట అంటారు. మనవాళ్ళు "రెండు స్టంట్లు వేశారు" అన్నట్టే. "సింత్రోమ్ వేసుకుంటున్నాను" అంటుంది ఇంకొకావిడ. అది రక్తం గడ్డకట్టకుండా వాడే అసినోకౌమరాల్‌కి అక్కడి బ్రాండు పేరు. మన ఎసిట్రోమ్ కూడా ఆ మందే. అమెరికాలో అది అమ్మరు, వార్ఫరిన్ వాడతారు. పేరు అలాగే వదిలేస్తే అమెరికన్ డాక్టరుకి అర్థం కాకపోవచ్చు. "వార్ఫరిన్" అని మార్చేస్తే అబద్ధం, ఎందుకంటే రెండింటి మోతాదులూ, ఒంట్లో నిలిచే సమయమూ వేరు. మందు అసలు పేరు రాసి, ఏ జాతి మందో ఒక ముక్క జోడించాలి. అంటే మీరు గొడవపడే ఫుట్‌నోటు సమస్య. గోంగూరకి ఫుట్‌నోటు పెట్టాలా వద్దా అని మనం గంటలు గంటలు వాదించుకుంటాం. వాదించుకోవాలి కూడా. ఇక్కడా అదే ప్రశ్న, కాకపోతే జవాబు తప్పితే ఎవరికో రక్తం కారుతుంది.

"ఫతీగా" అన్న మాట ఎదురైన రోజు నాకు తెలుగు సాయం చేసింది. నిఘంటువులో ఫతీగా అంటే అలసట. కానీ స్పానిష్ మాట్లాడే చాలాచోట్ల మెట్లెక్కితే ఊపిరందకపోవడాన్ని అదే మాటతో చెప్తారు. ప్యూర్టోరికోలో ఉబ్బసానికి కూడా. హార్ట్ ఫెయిల్యూర్ రోగి విషయంలో అలసట వేరు, ఊపిరందకపోవడం వేరు. రెండూ విడివిడిగా నమోదు చేయాలి. మన "ఆయాసం" చూడండి. సంస్కృతంలో దానర్థం శ్రమ, అలసట. మా పిన్ని "ఆయాసంగా ఉందిరా" అంటే మాత్రం ఊపిరి. రెండు భాషలూ ఒకదానికొకటి తెలియకుండా ఒకే దారిలో నడిచాయి. ఆ రిపోర్టులో "ఫతీగా" పక్కన "రెండో అంతస్తు ఎక్కితే", "రెండు దిళ్ళతో పడుకుంటుంది" అని ఉంది. ఆ దిళ్ళే నాకు అర్థం చెప్పాయి. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి రెండు దిళ్ళు. మాటకి అర్థం మాటలో ఉండదు, దాని చుట్టూ ఉన్న మంచంలో, మెట్లలో ఉంటుంది. ఇది సాహిత్యానువాదకులకి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇంకో అపోహ ఉంది. వైద్యం ఇంగ్లీషులోనే పుడుతుంది, స్పానిష్ దాన్ని తిరగరాసుకుంటుంది, కాబట్టి స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి రావడమంటే వస్తువుని షాపుకి తిప్పిచ్చేయడమే అని. 1944లో మెక్సికో నగరంలో ఇగ్నాసియో చావెస్ ఒక్క గుండె కోసమే ఒక జాతీయ సంస్థ స్థాపించాడు. దాని కోసం దియేగో రివేరా కార్డియాలజీ చరిత్రని గోడ చిత్రాలుగా వేశాడు. బోనస్ ఐరెస్‌లో మౌరిసియో రోసెన్‌బౌమ్, ఆయన సహచరులూ గుండెలో విద్యుత్తు ప్రసరించే దారుల మీద పనిచేసి 1968లో "లోస్ హెమిబ్లోకేఓస్" అనే పుస్తకం వేశారు. స్పానిష్‌లో. రెండేళ్ళ తర్వాత 1970లో అది ఇంగ్లీషులో "ద హెమిబ్లాక్స్"గా వచ్చింది. ఎడమ కొమ్మ ఒకటి కాదు, దానికి రెండు పాయలున్నాయి, ఒక్కో పాయ విడిగా ఆగిపోవచ్చు అన్న ఆలోచన ఈసీజీ చదివే పద్ధతినే మార్చింది. ఇప్పుడు ఇంగ్లీషులో ఎక్కువగా "ఫాసిక్యులర్ బ్లాక్" అంటారు, కానీ పాత డాక్టర్ల నోట "హెమిబ్లాక్" ఇంకా వినిపిస్తుంది. ఆ ఆలోచన స్పానిష్‌లో పుస్తకమై, అనువాదమై ఇంగ్లీషు గడప దాటింది. ఎవరో కూర్చుని అనువదించారు కాబట్టే దాటింది.

ఇప్పుడు ప్రవాహం ఎంతగా తిరగబడిందంటే, స్పానిష్ డాక్టర్లే ఇంగ్లీషు నీడలో స్పానిష్ రాస్తున్నారు. స్పానిష్‌లో "సెవేరో" అంటే కఠినమైన మనిషి, కఠినమైన మేష్టారు. జబ్బు తీవ్రతకి "గ్రావే" అనాలి. కానీ ఇంగ్లీషు "సివియర్" చదివీ చదివీ వాళ్ళూ "సెవేరా" అని రాసేస్తున్నారు. ఫెర్నాందో నవారో అనే స్పానిష్ వైద్యుడు-అనువాదకుడు ఇలాంటి మాటల మీదే ఒక లావుపాటి సందేహ నిఘంటువు రాశాడు, మొదటి ముద్రణ 2000లో. వైద్య పరిభాష రెండు భాషల్లో ఒకటే అయితే ఆయనకి అంత లావు పుస్తకం రాయాల్సిన ఖర్మ ఏమిటి?

ఇప్పుడు నామీద వచ్చే ఆక్షేపణలు. "ఇదంతా నీ ఉద్యోగం పోతుందన్న ఏడుపు." అవును, అది కూడా ఉంది. అద్దె కట్టాలి. దాచుకోను. "మెషిన్ బాగా మెరుగుపడింది." నిజమే. నేను చెప్పిన ఉచ్చుల్లో కొన్నింటిని ఇప్పుడు దాటేస్తోంది కూడా. "మనుషులూ తప్పులు చేస్తారు." ఆ విషయానికి సాక్ష్యం నేనే, పైన నా చేతులతో రాసిచ్చాను.

కానీ ఒకటి చూడండి. ఒకప్పుడు మెషిన్ తప్పు కుంటుతూ వచ్చేది. వాక్యం వంకరగా ఉండేది, కాబట్టి కంటికి తగిలేది. ఇప్పుడు తప్పు ఇస్త్రీ బట్టలు వేసుకుని వస్తోంది. దాన్ని పట్టుకోవాలంటే ఇదివరకటి కంటే ఎక్కువ సమయం కావాలి, మూలాన్ని పక్కన పెట్టుకుని లైను లైనూ చదవాలి. సరిగ్గా ఈ సమయంలోనే సమయాన్ని మూడోవంతు చేశారు. సంతకం మాత్రం పూర్తి సంతకమే అడుగుతున్నారు. "పైపైన చూడు" అని పనిలో, "పూర్తిగా పరిశీలించాను" అని సర్టిఫికెట్‌లో. అనువాదం తప్పిపోతే బోనెక్కడానికి ఒక మనిషి పేరు కావాలి, అంతే. ఏజెన్సీ కొనుక్కుంటున్నది నా చదువుని కాదు, నా పేరుని.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 1980లో ఫ్లోరిడాలో ఒక పద్దెనిమిదేళ్ళ క్యూబన్ కుర్రాడిని స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఇంట్లోవాళ్ళు "ఇంతోక్సికాదో" అన్నారు. వాళ్ళ స్పానిష్‌లో దానర్థం తిన్నదేదో పడలేదు అని. ఇంగ్లీషు చెవికి అది మత్తుమందుల మాటలా వినిపించింది. వృత్తి దుబాసీ ఎవరూ లేరు. డ్రగ్ ఓవర్‌డోస్ అనుకుని వైద్యం చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. అతనికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. పరిహారం జీవితకాలపు లెక్కన సుమారు 71 మిలియన్ డాలర్లని చెప్తారు. అక్కడ ఎవరికీ సందేహం రాలేదు, అదే సమస్య. మాట రెండువైపులా ఒకేలా వినబడింది కాబట్టి అనువాదం అక్కర్లేదనుకున్నారు. అంటే మా కవిగారూ, ఏజెన్సీ మెయిలూ చెప్పిన మాటే. అమెరికా ప్రభుత్వం 2024లో తెచ్చిన నిబంధనల్లో, ప్రాణావసరమైన వైద్య పాఠాన్ని మెషిన్‌తో అనువదిస్తే అర్హత గల మనిషి దాన్ని సమీక్షించి తీరాలని పెట్టింది ఊరికే కాదు. అయితే సమీక్ష అన్న మాటని కూడా పైపైన అనువదించుకోవచ్చని మనవాళ్ళు కనిపెట్టారు.

నేనడిగేది పెద్దదేం కాదు. మెషిన్‌ని ఆపమనడం లేదు. మూలాన్ని పక్కన పెట్టుకుని చదివేంత సమయానికి డబ్బివ్వండి. సందేహం వస్తే ఆ కాగితం రాసిన చోటికి ఒక ప్రశ్న పంపే దారి ఉంచండి. ఇప్పుడు ఆ దారే లేదు, ఫైలు ఎక్కడిదో కూడా చెప్పరు. చదవనిదాని మీద సంతకం అడగకండి. ఈ మూడూ లేనిచోట మనిషిని కూర్చోబెట్టడం వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు.

సాహిత్య మిత్రుల్ని అడిగేది ఇంకొకటి. మాకు పక్కన కుర్చీ వేయమని కాదు. "టెక్నికల్" అని ఒక మాటతో మీరు తీసిపారేసినప్పుడల్లా ఆ ఏజెన్సీకి ఒక వాదం ఉచితంగా దొరుకుతోంది. "ఇది అసలైన అనువాదం కాదని అనువాదకులే అంటున్నారు" అని. అసలైన అనువాదం అంటే ఏమిటో మీకు తెలుసు. మాట ఎవరి నోట్లోంచి వచ్చింది, ఏ ఊళ్ళో, ఎవరితో, దాని పక్కన ఏముంది అని ఆగి చూడటం. తెలుగు పత్రికల్లో గుండె ఆగిపోవడాన్నీ, గుండెపోటునీ ఒకటిగా కలిపేసి రాస్తుంటే మనకి చీమ కుట్టినట్టయినా లేదు. రెండూ వేరు. ఒకటి విద్యుత్తు పోవడం, ఇంకొకటి పైపు పూడుకుపోవడం. ఆ తేడా తెలిస్తే పక్కనున్నవాళ్ళు ఛాతీ నొక్కడం మొదలుపెడతారు. ఇది పరిభాష గొడవ అని వదిలేద్దామా?

ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టనని రాసేశాను. రెండు నెలలుగా వాళ్ళ దగ్గర్నుంచి పనేమీ రాలేదు. వస్తుందో రాదో తెలీదు. మొన్న ఆదివారం పిన్నికి ఫోన్ చేసి, "చిన్నప్పుడు నీకు ముందు వచ్చింది గొంతునొప్పేనా?" అని అడిగాను. "ఇన్నేళ్ళకి ఎందుకురా ఆ సంగతి" అని నవ్వి, "గొంతే. మింగుడు పడేది కాదు. అమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించమనేది, అంతే" అంది.

ప్రశ్నార్థకంతో తిరిగొచ్చిన ఆ ఫైల్లో ఆ లైను సరిచేయడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. "ఆంజైనా" కొట్టేసి "టాన్సిలైటిస్" అని రాశాను. రాయడానికి కాదు సమయం కావాల్సింది, అక్కడ ఆగడానికి. నేను డబ్బు అడుగుతున్నది ఆ ఆగడానికే.